చూసి రావడం

2024 జనవరిలో మేం ఏడుగురం కలిసి మహేంద్రగిరి చూసొచ్చాం. అందరం బ్యాంకుల వాళ్ళమే. నలుగురు రిటైరైన వాళ్ళు, ముగ్గురం ఇంకా కుర్చీ వదలని వాళ్ళం. ఇంటికొచ్చాక మా ఆవిడ "ఏం చూశారు?" అని అడిగింది. వరసగా చెప్పాను. అంతా విని "మరి ఎవర్ని చూశారు?" అంది.

ఆవిడ మామూలుగానే అడిగింది. బరంపురంలో ఎవరు ఏ ఊరెళ్ళొచ్చినా, అక్కడ మనవాళ్ళెవరున్నారు, ఎవరింట్లో భోంచేశారు అని అడగడం మన ఆడవాళ్ళకి అలవాటు. నాకు మాత్రం నోటమాట రాలేదు. జవాబు లేక కాదు. ఉన్న జవాబు చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆ సంగతే ఈ వ్యాసం. మధ్యలో కొంచెం అటూ ఇటూ తిరుగుతాను, ఓపిక పట్టాలి.

మేం వెళ్ళిన దారి మీలో చాలామందికి తెలిసిందే. దిగపహండి మీదుగా తప్తపాణి వెళ్ళి, గంధకం వాసనేసే వేడినీళ్ళలో కాసేపు కాళ్ళు పెట్టుకుని కూచున్నాం. అక్కణ్ణుంచి మోహన, చంద్రగిరి. చంద్రగిరి దగ్గర జిరంగలో టిబెట్టు వాళ్ళ పద్మసంభవ మహావిహారం ఉంది, 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించారు. ఆ శరణార్థులకి 1963లో ఇక్కడ చోటిచ్చారు. ఆ రాత్రి పర్లాకిమిడిలో పడుకుని, మర్నాడు తెల్లారుజామున కొయిన్‌పూర్ వైపునుంచి కొండెక్కాం. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లా అన్నారు గానీ, మా వయసు వాళ్ళ నోట్లో అదంతా ఇంకా గంజామే.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలో దేవమాలి తరవాత ఇదే పెద్దది. పైన గాలి మనిషిని నిలబడనివ్వదు. యుధిష్ఠిరుడి గుడి, కుంతి గుడి, భీముడి గుడి అని మూడున్నాయి. భీముడి గుడి చిన్నది, కానీ దానికి పేర్చిన రాళ్ళు చూస్తే ఆ పేరెందుకొచ్చిందో అడగక్కర్లేదు. తూర్పు గాంగరాజులు తమ రాగిరేకుల్లో తలుచుకున్న గోకర్ణస్వామి ఈ కొండమీది దేవుడే. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభం మీద ఈ కొండ పేరుంది. రాజేంద్ర చోళుడి కాలపు శాసనం ఇక్కడి రాయి మీదే ఉంది. 2022లో ఒడిశా ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. శివరాత్రికి జనం పోటెత్తుతారు.

కుంతి గుడి దగ్గర ఒక రాతి మీద ఎవరో కుర్రాడు మేకుతో తన పేరూ, ఇంకో పేరూ గీసుకున్నాడు. మా వాళ్ళలో ఒకాయన మండిపడ్డాడు. నాకు ఆ కుర్రాడి మీద అంత కోపం రాలేదు. రాజులు చేసిందీ అదే కదా. ఎక్కారు, వచ్చామని చెక్కించారు, దిగిపోయారు. రాజు చెక్కిస్తే శాసనం, కాలేజీ కుర్రాడు గీస్తే పాడుచెయ్యడం. కొండమీద కాపురం ఉన్నవాళ్ళు ఏమీ చెక్కలేదు. వాళ్ళు చేసింది వేరే ఉంది. కొండవాలున రాతిగోడలు పేర్చి, ఒక మడిలోంచి కింది మడిలోకి నీరు జారేటట్టు సవరలు కట్టుకున్న మెట్టపొలాలు చూడండి. ఏ ఇంజనీరూ గీసివ్వని పని. చూసిన పండితులందరూ మెచ్చుకున్నారు. దాని పక్కన ఏ బోర్డూ లేదు.

ఈ కొండమీద పరశురాముడు ఇప్పటికీ తపస్సు చేస్తున్నాడంటారు. ఆయన ఇక్కడికెందుకొచ్చాడన్న కథ నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. భూమంతా గెలిచి కశ్యపుడికి దానం చేశాడు. దానం చేశాక ఆ నేల మీద ఒక్క రాత్రి ఉండడం కూడా తనకి తగదని మహేంద్రపర్వతానికి వెళ్ళిపోయాడు. ఇరవయ్యొక్కసార్లు రాజుల్ని నరికినవాడికి ఈ పట్టింపేమిటని నవ్వొస్తుంది. కానీ ఆ పట్టింపే నన్ను ఆపుతుంది. అడుగుపెట్టిన ప్రతిచోటా 'ఇది ఎవరిది, ఇక్కడ నాకేం హక్కు' అని ఆలోచించిన మనిషన్నమాట. మనకి ఆ బాధ లేదు. జీపు అద్దె కట్టేశాక కొండంతా మనదే.

నా ప్రశ్న ఇది. చూడ్డానికి వెళ్ళినవాడు ఏమన్నా బాకీ పడతాడా?

నేను బి.కాం. చదివినవాణ్ణి, తత్వశాస్త్రం ఎరగను. మాకు మొదటి ఏడాది మొదటి నెలలో నేర్పిన సూత్రం ఒకటుంది. పుచ్చుకున్నవాడికి డెబిట్ రాయి, ఇచ్చినవాడికి క్రెడిట్ రాయి. ఒక వైపే రాసిన పద్దు పద్దు కాదు. మరి మేం కొండమీంచి ఏం పుచ్చుకున్నాం? కళ్ళనిండా చూశాం. ఛాతీనిండా గాలి పీల్చాం. ఫోన్లలో నూట యాభై ఫొటోలు దించుకున్నాం. ఎవరికి క్రెడిట్ రాశాం?

దారిలో ఈ మాటే అంటే మా బృందంలో పెద్దాయన విసుక్కున్నాడు. "ఏమోయ్, జీపుకిచ్చాం, టీకిచ్చాం, దారి చూపించిన కుర్రాడికి అయిదొందలిచ్చాం. ఇంకా బాకీ ఏమిటి? చెట్టుని చూస్తే చెట్టుకి అరిగిపోతుందా?" అన్నాడు. ఆయన మాట తీసిపారేసేది కాదు. చూపుకి వెల లేదు. వేలమంది చూసినా సూర్యోదయం తరిగిపోదు. జీపు నడిపిన సవర కుర్రాణ్ణి అడిగితే వాడూ ఆయన పక్షమే: "మీరు రాకపోతే నాకు చెన్నై పోవడమే గతి." కాబట్టి వెళ్ళకుండా ఉండిపోవడం ధర్మమని నేననను. వెళ్ళనివాడు ఇంట్లో కూచుని సాధించేదేమీ లేదు. టీవీ చూస్తాడు.

అయినా ఆ లెక్కలో ఏదో పొరపాటుందనిపిస్తూనే ఉంది. అది చెట్టు దగ్గరా, సూర్యుడి దగ్గరా లేదు. చూడబడేది మనిషైనప్పుడే తేడా వస్తుంది.

మా డ్రాయింగ్ రూములో ఒక సవర చిత్రం ఉంది. భువనేశ్వర్ మేళాలో కొన్నాను. ఎర్రటి నేల, తెల్లటి గీతలు, పొడుగు కాళ్ళ మనుషులు, ఏనుగు, సూర్యుడు, చంద్రుడు. సోఫా రంగుకి బాగా కుదిరింది. తరవాతెప్పుడో వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద వేసిన పెద్ద పుస్తకం చేతికొచ్చింది. దాంట్లో ఆ బొమ్మల సంగతి చదివాను. వాటిని ఇత్తల్ అంటారు. గోడకి అందంగా ఉంటుందని వేసేవి కావవి. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పోయినవాళ్ళు కలలో కనబడి అడిగినప్పుడో, ఫలానా వాళ్ళ కోసమని వేస్తారు. పోయినవాళ్ళు పూనకంలో వచ్చి బతికున్నవాళ్ళతో మాట్లాడతారు, తమకి రావలసింది అడుగుతారు. ఆ బొమ్మ వాళ్ళకి కట్టిచ్చిన ఇల్లు. ఇప్పుడు చాలామంది సవరలు క్రైస్తవంలోకి వెళ్ళారు, పాత పూజలు తగ్గాయి. బొమ్మ మాత్రం చీరల మీదికీ, కాన్వాసు మీదికీ ఎక్కింది. గీసినవాడు నాకు ఇష్టపడే అమ్మాడు, డబ్బులు పుచ్చుకున్నాడు. తప్పేం లేదు. కానీ నా సోఫా మీద ఎవరింటి పెద్దలు కాపురమున్నారో అని రాత్రిపూట ఒక్కోసారి అనిపిస్తుంది. తీసేద్దామనుకున్నాను, తీయలేదు.

ఈ బాధ నాకు తెలియడానికి వేరే కారణం కూడా ఉంది. మనం కూడా చూడబడే వాళ్ళమే. రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి యాత్ర వస్తుంది. దేశిబెహరా ఇంటికి అమ్మవారు పుట్టింటికొచ్చిన ఆడపడుచులా వస్తుంది. ఘటాలు వీధులు తిరుగుతాయి, మొక్కుకున్నవాళ్ళు పులివేషాలూ ఇంకా ఎన్నో వేషాలూ కడతారు. మా చిన్నప్పుడు ఆ వీధుల్లో ఉన్నవాళ్ళందరూ ఏదో ఒక పనిలో ఉండేవాళ్ళు, నిలబడి చూసేవాళ్ళు తక్కువ. కిందటిసారి ఘటం ఎదురొచ్చినప్పుడు దణ్ణం పెట్టుకుందామంటే నాకూ ఘటానికీ మధ్య ఆరు ఫోన్లున్నాయి.

ఇంకోటి. హైదరాబాదు నుంచి మా దూరపు చుట్టం ఒకాయన వచ్చాడు. మా అమ్మ మాట్లాడుతుంటే ముచ్చటపడి, "పిన్నిగారూ, ఆ మాట మళ్ళీ అనండి" అని ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. "ఒడిశాలో ఇంత చక్కటి పాత తెలుగు బతికుందంటే గొప్పే" అన్నాడు. మెచ్చుకోలే. మా అమ్మ మాత్రం ఆ తరవాత ఆయన ఉన్న రెండు రోజులూ నోరు విప్పలేదు. ఆవిడ మాట్లాడుతున్నది వంకాయల ధర గురించి. పాత తెలుగు గురించి కాదు. ఆయన భాష విన్నాడు, మాట వినలేదు. పిల్లల తెలుగు మీడియం బడులు ఏమయ్యాయో, ఇంట్లో మనవలు ఏ భాషలో పోట్లాడుకుంటున్నారో ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఆవిడ రాత్రంతా చెప్పేది.

ఇక అసలు సంగతికొస్తాను. 1998 నుంచి 2001 దాకా నేను ఆ కొండ ప్రాంతంలో ఒక శాఖలో ఫీల్డ్ ఆఫీసర్ని. ఏ బ్యాంకు, ఏ ఊరు అన్నది అనవసరం. అవి ఐ.ఆర్.డి.పి. ఆఖరి రోజులు. ఒక సవర రైతుకి జత ఎడ్లకని ఎనిమిది వేలు మంజూరు చేశాం. గిరిజనుడు కాబట్టి సగం సబ్సిడీ, నాలుగు వేలు అప్పు. ఎడ్లని ఆయన ఎంచుకోలేదు. సంతలో మేమంతా కమిటీగా నిలబడి కొనిచ్చాం. మైదానంలో పుట్టి పెరిగిన ఎడ్లు. కొండవాలు వాటికి చేతకాలేదు. మొదటి వానాకాలంలోనే ఒకటి జారిపడి చచ్చింది.

ఇన్సూరెన్సు ఉంది. ఎద్దు చెవికి నంబరున్న ట్యాగు వేస్తారు. పశువు చస్తే ఆ ట్యాగు తెచ్చివ్వాలి, అది లేకపోతే క్లెయిము లేదు. ఈయన ఎద్దుని ట్యాగుతో సహా పూడ్చిపెట్టేశాడు. నేను వెళ్ళి, చెవి కోసి తేవాలని చెప్పాం కదా అన్నాను. ఆయన నాకేసి కొంచెంసేపు చూసి, "చచ్చినదాని చెవి ఎవరన్నా కోస్తారా బాబూ?" అన్నాడు. అడిగింది నన్నే. నేను ఫారం మీద 'ట్యాగు సమర్పించలేదు' అని రాసుకుని వచ్చేశాను.

2001 జనవరిలో వసూళ్ళ ఒత్తిడి వచ్చింది. జీపు వేసుకుని నలుగురం వెళ్ళాం. వెళ్ళిన మూడోసారి ఆయన వడ్డీతో సహా అయిదు వేల చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. ఎక్కణ్ణుంచి తెచ్చావని నేను అడగలేదు. అడగడం నా డ్యూటీ కాదు. ఇంటి వెనక ఉన్న నాలుగు చింతచెట్ల ఫలసాయం షావుకారుకి రాసిచ్చి తెచ్చాడని తరవాత ప్యూను చెప్పాడు. ఆ త్రైమాసికంలో మా శాఖ వసూళ్ళకి పైనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. దాంట్లో నా పేరుంది. ఇప్పటికీ ఫైల్లో దాచుకున్నాను.

2008లో కేంద్ర ప్రభుత్వం రైతు రుణమాఫీ ఇచ్చింది. 2007 మార్చి 31 లోపు తీసుకుని, ఆ ఏడాది డిసెంబరు 31కి గడువు దాటి నిలిచిపోయిన చిన్న రైతుల బాకీలు కొట్టేశారు. అప్పటికి నేను వేరే చోట ఉన్నాను. ఆ శాఖలో ఈయనతోపాటు అప్పు తీసుకుని పైసా కట్టనివాళ్ళ ఖాతాలు మాఫీ అయ్యాయని పాత సహోద్యోగి ఫోన్లో చెప్పాడు. ఈయనది కాలేదు. ఈయనకి బాకీ లేదు కదా.

రూల్సు ప్రకారం నేను చేసిన తప్పేమిటో ఇప్పటికీ చూపించలేను. ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాలేదు. నేను వసూలు చెయ్యకపోతే ఇంకొకడు చేసేవాడు. డిపాజిట్లు పెట్టినవాళ్ళ సొమ్ము కాపాడ్డం కూడా ధర్మమే. వాళ్ళలోనూ పేదవాళ్ళున్నారు. ఇదంతా నిజమే. అయినా మెచ్చుకోలు ఉత్తరం మీద ఉన్న పేరు నాదే కాబట్టి, చింతచెట్ల మీద ఉన్నది కూడా నాదే అనుకోవాలి. లాభం నా పేరనీ, నష్టం వ్యవస్థ పేరనీ రాసుకుంటే ఏ ఆడిటరూ ఒప్పుకోడు.

మా కన్నా ముందు ఈ కొండలెక్కిన తెలుగువాళ్ళలో నాకు ఇద్దరు కనబడతారు. ఒకడు షావుకారు. ఉప్పూ, గుడ్డా, అప్పూ తీసుకెళ్ళి చింతపండూ, పొలమూ తెచ్చుకున్నాడు. 1967 తరవాత శ్రీకాకుళం కొండల్లో రేగిన పోరాటం వెనక ఉన్నవాటిలో ఆ అప్పుల పుస్తకం ఒకటి. రెండోవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవరలు మాట్లాడేది తనకి అర్థం కావడం లేదని బాధపడి, ఒక సవరని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ళ మధ్య తిరిగారు, వాళ్ళ పిల్లలకి బడులు పెట్టారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. ఆ తిరుగుళ్ళలో మలేరియా తగిలింది. దానికి మింగిన క్వినైన్ ఆయన చెవుల్ని దెబ్బతీసింది. వినడానికి వెళ్ళి వినికిడి పోగొట్టుకున్నారు. మనం వాడుకభాష ఉద్యమానికి ఆయన్ని తలుచుకుంటాం. కానీ జనం నోటి మాటకి విలువుందన్న నమ్మకం ఆయనకి సవరల మధ్య గట్టిపడి ఉంటుందని నా ఊహ. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలవగానే ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మన తాతలు ఇక్కడే ఉండిపోయారు. మంగై గొమాంగో సవర భాషకి సొంత లిపి తయారుచేసిందీ ఆ సంవత్సరమే.

నేను ఆ ఇద్దరిలో ఎవరి వారసుణ్ణో నాకు తెలుసు. షావుకారు కూడా కొండని చూసే ఉంటాడు. బాగుందనే అనుకుని ఉంటాడు.

జనవరిలో మేం దిగి వచ్చేటప్పుడు దారిలో ఒకచోట మెట్టపొలాలు బాగా కనిపిస్తున్నాయని జీపు ఆపారు. మంచు విడుతోంది, నీళ్ళు నిలిచిన మడుల్లో ఎండ పడుతోంది. అందరూ దిగి ఫొటోలు తీసుకున్నారు. అది ఆయన ఊరు. చింతచెట్లు గుర్తుపట్టాను. మోకాలు నొప్పి అని చెప్పి నేను జీపులోనే కూచున్నాను. పది నిమిషాలు. మా ఆవిడకి చెప్పలేకపోయిన జవాబు అది.

మార్చిలో ఒక్కణ్ణే బస్సెక్కి వెళ్ళాను. ఎందుకెళ్తున్నావంటే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయిందట. కోడలుంది, నలభై దాటి ఉంటుంది. మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది. ఇద్దరం ఒడియాలో మాట్లాడుకున్నాం. నేను బ్యాంకు పేరెత్తగానే ఆవిడ మొహం మారింది. లోపలికెళ్ళి దూలం మీంచి ప్లాస్టిక్ సంచి దించింది. రేషన్ కార్డు, ఆధార్, వాటి అడుగున చెదలు కొట్టిన పాస్ బుక్. చివరి పేజీలో ఖాతా మూసినట్టు ముద్ర, దాని కింద నా సంతకం.

"మామగారి బాకీ ఏమన్నా ఉండిపోయిందా బాబూ? సంఘం లోను ఇమ్మంటే పాత బాకీ ఉందేమో చూడాలంటున్నారు."

"లేదు మా, అంతా కట్టేశారు" అన్నాను. ఆ మాట ఒక కాగితం మీద రాసిమ్మంది. రాసిచ్చాను. సంతకం కింద నా ఫోన్ నంబరు కూడా వేశాను. ఆవిడ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టింది.

బస్సుకి ఇంకా గంటుంది. ఇంటి వెనక చెట్లు విరగకాసి ఉన్నాయి. ఏదో ఒకటి అనాలని, "ఈ ఏడు చింతపండు బాగా దిగేటట్టుందే" అన్నాను.

"దిగుతుంది బాబూ. కానీ ఆ చెట్లు మావి కావు. మా మామ ఉన్నప్పట్నుంచీ షావుకారువే" అంది.